అడగకుండా పెట్టిన కందిగింజలు

గురువారం పొద్దున ఆ ఫోను వచ్చేనాటికి నేను చేసిన తప్పుకు నెల దాటింది. పెనుకొండలో మేము ఆఫీసని చెప్పుకునే రెండు గదుల అద్దె ఇంట్లో ఒక్కణ్ణే ఉన్నాను. కొత్త నంబరు. అవతలి మనిషి తానెవరో చెప్పలేదు. గొంతు వినగానే నాకు తెలిసిపోయింది.

"ఏమప్పా, మా గట్టుకు పచ్చరంగు పూసినావంట. సోమవారం జేసీబీ వస్తాది. నీ రంగు యాడ నిలబడతాదో నేనూ చూస్తా."

నేను "అన్నా" అనేలోపే ఫోను పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. గోడకున్న క్యాలెండరు వైపు చూశాను. మధ్యలో మూడు రోజులు. ఆ మూడు రోజుల్లో నేనేం చేశానో, ఏం చేయలేదో రాయడానికే ఇది మొదలుపెట్టాను. రాయడం వల్ల గట్టు తిరిగి రాదని తెలుసు.

మాది చిన్న స్వచ్ఛంద సంస్థ. రైతుల పట్టా భూముల్లో అక్కడక్కడా ఇంకా మిగిలి ఉన్న పొదలు, వంక ఒడ్లు, రాతిగుట్టలు, ముళ్ళకంచెలు, వాటిలో బతికే జీవాలు, వీటిని రైతులే ఇష్టపూర్వకంగా అలాగే వదిలేసేలా చూడటం మా పని. ఏది వదలాలో, ఎంత వదలాలో భూమి గలవాళ్ళే కూర్చుని అనుకోవాలి. మేము చెప్పకూడదు. సర్కారు అడవికి చట్టం ఉంది, కాపలా ఉంది. పట్టా పొలంలో ఒక పొద నిలవాలంటే ఆ పొలం మనిషి ఒప్పుకోవడం తప్ప వేరే దారి లేదు. ఈ మాట నేను ఊరూరా తిరిగి ఎన్నోసార్లు చెప్పినవాణ్ణి.

సోమందేపల్లి దాటి హిందూపురం దారిలో లోపలికి వెళ్తే వచ్చే ఆ ఊళ్ళో ఒక పొడవాటి కంచె గట్టు ఉండేది. సగానికి పైగా ఇప్పటికీ ఉంది. ఊరి వెనక రాతిగుట్ట దగ్గర మొదలై, రెండు చేల మధ్యగా, కింద వంక దాకా పోతుంది. ఎవరో పూర్వం జెముడు నాటారు. దాంట్లో బలుసు, పరికి, తంగేడు వాటంతట అవే మొలిచాయి. మధ్యమధ్య కానుగలు పెరిగి కొమ్మలు ఒకదానికొకటి అందుకున్నాయి. అటు పక్క చెనిక్కాయ, అదే వేరుశనగ, ఇటు పక్క మల్బరీ. గుట్ట మీద చెట్లకూ వంకలో చెట్లకూ మధ్య, ఆ చుట్టుపక్కల తెగకుండా ఉన్న దారి అదొక్కటే.

దారి అంటున్నది మనుషులకు కాదు. పుస్తకాల్లో దేవాంగపిల్లి అని రాస్తారు. కన్నడం కలిసిన ఆ ఊళ్ళలో కాడుపాప అంటారు. పిడికెడు ఒళ్ళు, సన్నటి కాళ్ళూ చేతులు, ముఖమంతా కళ్ళే. కొమ్మ మీంచి కొమ్మ మీదకు మెల్లగా, ఏదో మరిచిపోయి గుర్తు తెచ్చుకుంటున్నట్టు నడుస్తుంది. దూకలేదు. నేల మీద నడవడం దానికి చేతకాదు. కొమ్మ తెగిన చోట కిందికి దిగిందంటే కుక్కలకో బండ్లకో దొరికిపోతుంది. ఒక సాయంత్రం, ఇంకా వెలుతురుండగానే, ఆ గట్టు మీది కానుగలో ఒకదాన్ని చూశాను. చూపించింది అటు పక్క పొలం పెద్దాయన. అరవై దాటినవాడు. నేను చిన్నాయనా అని పిలిచేవాణ్ణి. చిన్నప్పుడు దాన్ని చూస్తే చెడు జరుగుతుందని వాళ్ళవ్వ కళ్ళు మూసేదట. "ఇప్పుడు జరగాల్సిన చెడంతా జరిగిపాయ కదబ్బా, ఇంక చూసినా ఏం కాదు" అని నవ్వాడు.

జరిగిన చెడు అంటే తమ్ముడితో మాటలు పోవడం. ఇటు పక్క పొలం తమ్ముడిది. గురువారం నాకు ఫోను చేసింది అతనే. ధర్మవరంలో రెండు మగ్గాలు పెట్టుకుని అక్కడే ఉంటాడు. పొలం కౌలుకిచ్చాడు. వాళ్ళ అమ్మ చనిపోయినప్పుడు కర్మల దగ్గర ఏదో మాట వచ్చి నాలుగేళ్ళుగా ఇద్దరూ పలకరించుకోవడం లేదు.

మా దగ్గర అన్నదమ్ములు భూమి పంచుకున్నప్పుడు మధ్య గట్టును ఎవరి పేరా రాయరు. ఇటు సగం నీది, అటు సగం నాది అని నోటిమాట. దాని మీది చెట్టు కొట్టాలన్నా కంప తీయాలన్నా ఇద్దరూ అనుకోవాలి. నేను పుట్టింది కొత్తచెరువు దగ్గర మెట్ట సేద్యం చేసే ఇంట్లోనే. మా నాయనకూ మా పెదనాయనకూ మధ్య అలాంటి గట్టే ఉండేది. దాని మీది ఒక్క వేపకొమ్మ కోసం వాళ్ళు పెద్దమనుషుల ముందు కూర్చోవడం నేను చూశాను. కాబట్టి తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

మా పద్ధతి ఇలా ఉంటుంది. ఊరి బడి వరండాలో రైతులందరూ కూర్చుంటారు. నేల మీద ముగ్గుపిండితో ఎవరి పొలం వాళ్ళు గీస్తారు. తర్వాత అందరి చేతుల్లో కందిగింజలు పెడతాం. తన పొలంలో దున్నకుండా, నరకకుండా వదిలేస్తానని అనుకున్న చోట ఎవరికి వాళ్ళు గింజలు పెట్టాలి. ఒకరి పొలంలో ఇంకొకరు పెట్టకూడదు. ఒప్పుకోని వాళ్ళు గింజలు తిరిగి ఇచ్చేసి వెళ్ళవచ్చు. ఎవరూ ఏమీ అనరు. మొత్తం పద్ధతికి ప్రాణం ఆ ఒక్క నియమంలోనే ఉంది.

ఆరోజు పని బాగా సాగింది. ఒకాయన వంక ఒడ్డున రెండు సెంట్లు వదిలాడు. ఒకామె బావి చుట్టూ ఉన్న పొదలు వదిలి, పాములొస్తే మాత్రం నన్ను పిలుస్తానని అందరినీ నవ్వించింది. చివరికి ఆ పొడవు గట్టు దగ్గరికి వచ్చాం. పెద్దాయన గింజలు గుప్పిట్లో పట్టుకుని కూర్చున్నాడు కానీ పెట్టలేదు. మావాడు కూడా ఉండాలి కదా, వాణ్ణి అడిగి రా, మళ్ళీసారి పెడతా అన్నాడు.

నాకు ఆరోజే పూర్తి చేయాలని ఉంది. ఆ గట్టు లేకపోతే గీసిన పటమంతా ముక్కలు ముక్కలుగా కనపడుతుంది. తమ్ముణ్ణి అడగడానికి ధర్మవరం వెళ్ళాలంటే నాకు భయం కూడా. అంతకు ముందొకసారి సోమందేపల్లి టీ కొట్టు దగ్గర అతను నన్ను నలుగురిలో నిలబెట్టి, మా భూముల మీద నీకేం పనప్పా, నీకు సొంత భూమి లేదా కాపాడుకునేదానికి అని అడిగాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వినట్టు నటించి బండెక్కాను. అది లోపల గుచ్చుకుని ఉండిపోయింది.

"నేను మాట్లాడతాలే చిన్నాయనా, ఈలోపు పెట్టెయ్" అన్నాను. ఆయన చెయ్యి తెరిచాడు, పెట్టడానికి కాదు, గింజలు తిరిగి ఇవ్వడానికి. నేను ఆ గింజలు తీసుకుని ముగ్గు గీత వెంట నా చేత్తోనే వరుసగా పెట్టుకుంటూ పోయాను. ఎవరూ ఏమీ అనలేదు. ఆయనా ఏమీ అనలేదు. ఆ మౌనాన్ని నేను ఒప్పుకోలు కింద రాసుకున్నాను.

తర్వాత నాలుగు వారాల్లో ధర్మవరం వెళ్ళలేదు. ప్రతి సోమవారం ఈ వారం వెళ్ళాలి అనుకునేవాణ్ణి. ఒకసారి వాన, ఒకసారి హిందూపురంలో మీటింగు, ఒకసారి రైలు తప్పిందన్నాను. రైలు తప్పలేదు. స్టేషనులో కూర్చుని అది వెళ్ళిపోయేదాకా చూశాను.

ఈలోపు పటం హిందూపురంలో ఫ్లెక్సీగా ప్రింటయి వచ్చింది. మేము వేయించిందే. పచ్చరంగు గీతలు, పక్కన సర్వే నంబర్లు, వదిలిన రైతుల పేర్లు. పొడవు గట్టు పక్కన అన్న పేరు ఒక్కటే. తమ్ముడి పేరు రాస్తే అడిగి రాశానా అనే ప్రశ్న వస్తుంది. అందుకని రాయలేదు. ఊళ్ళో పాలకేంద్రం గోడకు కట్టించాను. పొద్దునా సాయంత్రం పాలు పోయడానికి వచ్చేవాళ్ళంతా దాని ముందు నిలబడి చదివారు. సర్కారు పొలాలన్నీ మళ్ళీ కొలిచి రీసర్వే రాళ్ళు పాతుతున్న రోజులు. ఏ కాగితంలో ఎవరి పేరు పడిందో అని ఊరంతా బిక్కుబిక్కుమంటూ ఉంది. అలాంటప్పుడు సర్వే నంబరు పక్కన అన్న పేరు ఒక్కటే రాసి గోడకు కట్టాను నేను. అన్న గట్టంతా తన పేరిట రాయించుకున్నాడని తమ్ముడికి కబురు పోవడానికి రెండు రోజులు కూడా పట్టలేదు. కౌలుదారు ఫోనులో ఫోటో తీసి పంపాడట.

శుక్రవారం పొద్దున రైలెక్కాను. ఈసారి నిజంగానే ఎక్కాను. ధర్మవరం దాకా కూర్చున్నానో నిలబడ్డానో గుర్తులేదు. ఏం చెప్పాలో మనసులో వంద రకాలుగా అనుకున్నాను. తప్పు నాదే అన్నా, మన్నించు. ఈ మాట ఎన్నోసార్లు అనుకున్నాను. ఇంత చిన్న మాటే కదా అనిపించింది.

ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళేసరికి అతను లేడు. చీరలు ఇచ్చి రావడానికి షావుకారు దగ్గరికి వెళ్ళాడంది అతని భార్య. ముందు గదిలో రెండు మగ్గాలు, ఒకదాని మీద ఆమె. కూర్చోమని నీళ్ళిచ్చింది. ఫలానా అని చెప్పగానే నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"నువ్వేనా అన్నా ఆ రంగు మనిషివి? నాలుగేండ్లుగా వాళ్ళన్నతో మాట్లాడేదానికి ఈయప్పకు ఒక మాట దొరకల్యా. ఇప్పుడు తిట్టేదానికి గట్టు దొరికింది. నిన్నట్నుంచి అన్నం కూడా సరిగ్గా తినలేదు" అంది. కోపంగా అనలేదు. మళ్ళీ మగ్గంలోకి వంగింది. రెండు గంటలసేపు ఆ మగ్గం చప్పుడు వింటూ కూర్చున్నాను. బయట చెప్పుల శబ్దం వినపడిన ప్రతిసారీ లేచి నిలబడ్డాను.

అతను వచ్చి నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. అరచేతులు తొడల మీద పెట్టుకుని, చాలా నెమ్మదిగా ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"గింజలు పెట్టే ఆచారమంట కదా మీది. ఎవరి పొలంలో వాళ్ళే పెట్టాలంట. ఆ గట్టు మీద మా అన్న తన చేత్తో పెట్టినాడా?"

ఇప్పుడు ఆలోచిస్తే తెలుస్తుంది, ఆ ప్రశ్న అడిగేటప్పుడు అతను కాదనే జవాబు కోసం చూస్తున్నాడు. అన్న పెట్టలేదంటే అతనికి కోపం పెట్టుకోవాల్సింది నా మీదే. అన్న మీద కాదు. ఆ సందు అతనే తెరిచి పట్టుకున్నాడు. నిజం చెప్పడం తప్ప నాకక్కడ వేరే పనే లేదు. రైల్లో వంద రకాలుగా అనుకున్నదీ అదే.

"అవునన్నా. చిన్నాయనే పెట్టినాడు" అన్నాను.

ఎందుకన్నానో ఎన్నోసార్లు ఆలోచించాను. అతని భార్య మగ్గం ఆపి వింటోంది. ఇద్దరి ముందు తలవంచడం కష్టమైంది. అంతకంటే గొప్ప కారణం ఏమీ లేదు. ఒక పెద్దమనిషి నెత్తిన నా తప్పు పెట్టడానికి నాకు ఒక్క క్షణం చాలింది.

అతను తల ఊపాడు. "సరే అయితే" అన్నాడు. లేచి లోపలికి వెళ్ళిపోయాడు. సోమవారం సంగతి నేను ఎత్తబోతే ఆమె వద్దన్నట్టు చెయ్యి ఊపింది.

శనివారం ఊరికి వెళ్ళాను. పెద్దాయన చేలో చెనిక్కాయ కట్టె మోపులు కడుతున్నాడు. నేను ఏదీ చెప్పకముందే ఆయనే చెప్పాడు. నిన్న మధ్యాహ్నం తమ్ముడు ఫోను చేశాడట. నాలుగేళ్ళ తర్వాత మొదటిసారి. గింజలు నువ్వే పెట్టినావని ఆ రంగు మనిషి వచ్చి చెప్పినాడు, నిజమేనా అని అడిగాడట.

"పెట్టినా అని చెప్పినా" అన్నాడు మోపు బిగిస్తూ.

ఎందుకలా చెప్పావని అడిగాను.

"నువ్వు ఆడ అట్ల చెప్పొస్తివి. నేను కాదంటే నీ మాట అబద్ధమైతాది కదబ్బా. నాలుగు ఊర్లు తిరిగేవాడివి. ఒకసారి అబద్ధమాడినాడని పేరొస్తే ఇంక యా ఊర్లో నీ మాట నమ్ముతారు?"

ఎండలో నిలబడ్డాను. ఆయన నావైపు కూడా చూడకుండా ఇంకో మోపు తీసుకున్నాడు. నేను ఆయన కాళ్ళ మీద పడవలసింది. పడలేదు. మోపులు కట్టడంలో సాయం చేశాను, అదేదో చాలన్నట్టు. వెళ్ళేముందు గట్టు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. గుట్ట నుంచి వంక దాకా అడుగులతో కొలుచుకుంటూ నడిచాను. జేసీబీ ఎటు నుంచి మొదలుపెడుతుంది, ఎంతసేపట్లో ఎంత పీకుతుంది అని లెక్కలేశాను. ఒక పూట కూడా పట్టదు. పగలు కాబట్టి కాడుపాపలు ఏ కొమ్మల్లో ముడుచుకుని పడుకుని ఉంటాయో, ఉన్నాయో లేవో కూడా నాకు తెలియదు. కానుగ ఆకుల్లోకి తల ఎత్తి చాలాసేపు చూశాను. ఏమీ కనిపించలేదు.

ఆదివారం హిందూపురం వెళ్ళాను. మా పనులు చూసే మేడం అక్కడుంటారు. ఆవిడతో అంతా చెప్పేద్దామనే వెళ్ళాను. ఆవిడ బల్ల మీద ఆ పటం కాపీ పరిచి ఉంది. ఈ గట్టు చూడండి, అన్నిటికంటే ఇదే ముఖ్యం, దీన్ని సాధించింది మీరు, బయటి నుంచి వచ్చేవాళ్ళకు ముందు ఇదే చూపిద్దాం అన్నారు. నేను కాఫీ తాగాను. బస్సెక్కి వచ్చేశాను. పాలసముద్రం దగ్గర బస్సు ఆగినప్పుడు దిగి వెనక్కి వెళ్దామా అనుకున్నాను. బస్సు కదిలింది.

సోమవారం ఎనిమిదింటికల్లా ఊళ్ళో ఉన్నాను. జేసీబీ అప్పటికే వచ్చి వంక వైపు నిలబడి ఉంది. తమ్ముడు దాని పక్కన, తెల్ల చొక్కాలో. అన్న తన చేను వైపు, భుజాన తువ్వాలుతో. ఇద్దరి మధ్యా గట్టు. చుట్టూ పదిమందిదాకా చేరారు. పాలకేంద్రం దగ్గరుండే ముసలాయన ఒకడు, రంగు మనిషి వచ్చినాడు దారివ్వండప్పా అన్నాడు. కొందరు నవ్వారు.

బండి మొదలుపెట్టింది. ముందు జెముడు పడింది. పాలు కారుతూ ముక్కలు ముక్కలుగా దొర్లింది. తర్వాత బలుసు పొదలు వేళ్ళతో సహా లేచి వచ్చాయి. నేను చూస్తూ నిలబడ్డాను. ఇప్పుడు చెప్పాలి అనుకుంటున్నాను, అనుకుంటూనే ఉన్నాను. ఒక కానుగ ఒరిగింది. దాని కొమ్మల్లోంచి ఏదైనా కదిలిందేమో అని అందరూ చూశారు. పిట్టలు లేచాయి. ఇంకేమీ కనపడలేదు. ఆరోజు బయల్దేరేముందు కొలిస్తే ఆ తెగిన మేర నా అడుగులతో నలభై. ఆ నలభై అడుగుల్లో సగమైనా నేను నోరు తెరవడానికి తీసుకున్న సమయంలో పోయినవే.

రెండో కానుగ దగ్గరికి వచ్చేసరికి తమ్ముడి దగ్గరికి వెళ్ళాను. ఏదో అన్నాను. బండి చప్పుడులో అతనికి వినపడలేదు. ఏమంటాండావు అని చెవి దగ్గర చెయ్యి పెట్టాడు. మళ్ళీ అన్నాను. విసుగొచ్చి డ్రైవరుకు ఆపమని సైగ చేశాడు. ఇంజను ఆగింది. ఒక్కసారిగా అంతా నిశ్శబ్దమైపోయింది. చెప్పే మాట ఇప్పుడు అందరికీ వినపడుతుందని నాకు తెలుసు.

"గింజలు పెట్టింది చిన్నాయన కాదన్నా. నేను పెట్టినా. నిన్ను అడిగి రమ్మని ఆయన గింజలు తిరిగిస్తే, తీసుకుని నేనే పెట్టినా. నిన్ను అడగల్యా. మొన్న నీ ఇంట్లో అబద్ధం చెప్పినా."

తమ్ముడు నన్ను వదిలేసి, పడిపోయిన జెముళ్ళ మీదుగా అన్నవైపు తిరిగాడు.

"మరి నేను ఫోన్ చేస్తే నువ్వెందుకు పెట్టినా అంటివి?"

అన్న తువ్వాలు ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదికి మార్చుకున్నాడు. "నాలుగేండ్లకు చేసినావు. లేదంటే సరే అని పెట్టేస్తావు. పెట్టినా అంటే తిట్టేదానికన్నా కొంచేపు మాట్లాడతావు కదా అనుకుంటి."

ఎవరో వెనక నుంచి చిన్నగా నవ్వి ఆపుకున్నారు. తమ్ముడు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. నాకు శనివారం చెప్పిన కారణం నిజమో, ఇది నిజమో నాకు తెలియదు. రెండూ కావచ్చు. ఏదైనా ఆయన నన్ను తప్పించాడు, నేను ఆయన్ను ఇరికించాను.

డ్రైవరు తల బయట పెట్టి, పనుందా లేదా అని అడిగాడు. తమ్ముడు ఆ చెట్టు నీడకు పెట్టుకో, చెప్తా అన్నాడు. తర్వాత నావైపు వచ్చాడు. టీ కొట్టు దగ్గర మాట్లాడిన గొంతు కాదు.

"ఇంత చదువుకున్నావు, మా అన్న చేతిలో గింజలు లాక్కునేదానికా? నన్ను ఒక మాట అడిగింటే ఇయ్యకపోదునా? ఇయ్యకపోయినా అడిగినావని ఉండేది కదా."

ఇప్పుడడుగుతున్నాను అనబోయాను. ఆపుకున్నాను. ఇప్పుడడిగేది అడగడం కాదు.

"ఆ ఫ్లెక్సీ పీకెయ్. మీ కాగితాల్లో యాడా మా గట్టు కనపడకూడదు. మా అన్న పేరొద్దు, నా పేరొద్దు."

మిగిలిన గట్టు సంగతి ఏమిటని అడిగాను. అడగకుండా ఉండలేకపోయాను.

"మిగిలింది మా ఇద్దరిది. కొట్టుకుంటామో పెట్టుకుంటామో మేం చూసుకుంటాం. నీకు చెప్పాల్సిన పని లేదు."

అన్నదమ్ములిద్దరూ మిగిలిన కంచె వెంట గుట్ట వైపు నడుచుకుంటూ పోయారు. ఒకడు అటు పక్క, ఒకడు ఇటు పక్క. మధ్యలో పొదలు. పాత హద్దురాయి ఎక్కడుండేదో చెప్పుకుంటున్నారు. గొంతులు ఒకసారి పెరిగాయి, మళ్ళీ తగ్గాయి. నన్ను పిలవలేదు. నేను పాలకేంద్రానికి వెళ్ళి, స్టూలు అడిగి తీసుకుని, ఫ్లెక్సీ విప్పాను. పాలు పోయడానికి వచ్చిన ఒకామె, ఇంకా చదవల్యా అన్నా అప్పుడే తీసేస్తాండావే అంది. గంట తర్వాత జేసీబీ రోడ్డు మీదుగా వెళ్ళిపోతూ కనపడింది.

మరుసటి రోజు హిందూపురం వెళ్ళి మేడంకు మొత్తం చెప్పాను. ఆవిడ కోపగించుకోలేదు. పటం మీద ఎర్ర పెన్నుతో ఆ గట్టును కొట్టేసి, ఇంకెన్ని చోట్ల ఇలా చేశారు అని అడిగారు. అప్పటిదాకా నాకు రాని ప్రశ్న అది. నేను గింజలు ముట్టింది ఆ ఒక్కచోటే. కానీ నేను తొందరపెడితే పెట్టినవాళ్ళు ఎందరో, మొహమాటానికి పెట్టినవాళ్ళు ఎందరో నాకే తెలియదు. ప్రతి ఇంటికీ మళ్ళీ వెళ్ళి, గింజలు వెనక్కి తీసుకుంటారా అని అడగమన్నారు. అడిగాను. రెండు నెలలు పట్టింది. కొందరు వెనక్కి తీసుకున్నారు. బావి చుట్టూ పొదలు వదిలిన ఆమె తీసుకోలేదు, కానీ నన్ను గుమ్మం లోపలికి రమ్మని కూడా అనలేదు. వాళ్ళలో ఎవరినీ ఒప్పించడానికి ప్రయత్నించలేదు. అలా నోరు మూసుకుని కూర్చోవడం నేను ఆ వయసులో కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది.

గట్టు కాగితం మీద లేదు. అందుకని దానికి హామీ లేదు. నలభై అడుగుల ఖాళీని కాడుపాపలు ఎలా దాటుతున్నాయో, దాటుతున్నాయో లేదో నాకు తెలియదు. వెళ్ళి చూడాలని ప్రతి వారం అనిపిస్తుంది. అది వాళ్ళ పొలం. పిలవకుండా వెళ్ళే అర్హత పోగొట్టుకున్నాను. హిందూపురం బస్సులో వెళ్ళేటప్పుడు ఆ ఊరి మలుపు దగ్గర కిటికీలోంచి చూస్తాను. అక్కడి నుంచి గుట్ట మాత్రమే కనపడుతుంది.

పోయిన వారం మధ్యాహ్నం తమ్ముడి నంబరు నుంచి ఫోను వచ్చింది. గట్టు మొత్తం తీయించేశానని చెప్పడానికే చేశాడనుకున్నాను. ఎత్తాను.

"ఏమప్పా, బాగుండావా? ఒక మాట అడగల్ల. ఆ తెగిన కాడ కానుగ ఉండాది చూడు, ఇటువైపుది. కొమ్మ ఒకటి పొలం మీదికి వచ్చిండాది. కౌలు ఆయప్ప నీడకు మల్బరీ రాలేదు, కొట్టమంటాడు. ఆ కాడుపాప దాని మీద వస్తాదా, రాదా?"

ఆ కొమ్మ నాకు తెలుసు. దాన్ని ఉంచమని చెప్పడానికి నా దగ్గర పది కారణాలున్నాయి. ఒక్కటి చెప్పినా వింటాడని కూడా తెలుసు. అందుకే నాకు భయమేసింది.

"వస్తాదో లేదో నేను చూడల్యా అన్నా. చూసినోడు మీ అన్న. ఆయన్ను అడుగు" అన్నాను.

వెనక మగ్గం ఆడుతున్న చప్పుడు వినపడింది. "సరే, మా అన్ననే అడుగుతా. సాయంత్రం ఎట్లాగూ ఫోన్ చేస్తాడు" అని పెట్టేశాడు.

ఫోను బల్ల మీద పెట్టి దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఆ సాయంత్రం ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో తెలియదు. కొమ్మ ఉందో లేదో తెలియదు. తిరిగి ఫోను చేసి కనుక్కోవడానికి చెయ్యి ఎన్నిసార్లు వెళ్ళిందో లెక్కలేదు. ఇప్పటిదాకా చేయలేదు.